చెవికి కొలబద్ద

మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఏదైనా పాత సినిమా పెట్టుకొని కూర్చోవడం అలవాటు. మొన్న ఒక రాత్రి, తెరమీద ఒక తల్లి జబ్బుపడిన కొడుకు మంచం పక్కన కూర్చొని గొంతు తగ్గించి ఏదో చెబుతోంది. మాట సరిగా అందక రిమోటు తీసుకొని ధ్వని పెంచాను. మరుక్షణమే ప్రకటన వచ్చిపడింది. బట్టల సబ్బు ప్రకటన. పక్క గదిలో నిద్రపోతున్న మనుమరాలు ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. "అంత పెంచుతారెందుకండీ?" అని మా ఆవిడ అభియోగం. పెంచిన మాట నిజమే. కాని నేను పెంచినది ఆ తల్లి మాటను, సబ్బును కాదు.

పాపను జోకొట్టి పడుకోబెట్టాక ఆలోచిస్తే, ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉన్నదనిపించింది. ఆ ప్రకటన సినిమాకంటె గట్టిగా ఉన్నదని నా చెవి తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఒక యంత్రం చెప్పగలదా? చెప్పగలిగితే, రిమోటు అవసరం లేకుండా తానే తగ్గించగలదు కదా? ఈ ప్రశ్న వెంటబడి కొన్ని నెలలు చదువుకున్నాను. తెలుగు చెప్పుకొని బతికినవాణ్ణి, భౌతికశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. అయినా ఈ కథ సగం శాస్త్రం, సగం మనిషి. ఆ రెండవ సగంలో నాకూ కొంత చోటున్నదని ధైర్యం చేస్తున్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. మన భాషలో శబ్దానికి పేర్లకు కొదవ లేదు. అలికిడి, సవ్వడి, సద్దు, చప్పుడు, రొద, మోత, హోరు, ఘోష — వరుసగా చదువుతూపోతే ఒక మెట్లదారి ఎక్కినట్లే ఉంటుంది. అయితే ఈ మాటలు కేవలం ఎంత గట్టిగా ఉన్నదో మాత్రమే చెప్పవు. రొద అనగానే అది వినేవాడికి ఇష్టం లేదని కూడ తెలిసిపోతుంది. సవ్వడిలో ఆ విసుగు లేదు. ఇంకొక ఇబ్బంది: సంగీతంలో మంద్రం, మధ్యం, తారం అనేవి స్వరం యొక్క ఎత్తును చెప్పే స్థాయులు. కాని కథల్లో "మంద్రస్వరంతో అన్నాడు" అంటే మెల్లగా అన్నాడనే అర్థం చేసుకుంటాము. "గొంతు పెంచాడు" అన్నా అంతే. శ్రుతి పెంచాడో, బలం పెంచాడో ఆ మాట చెప్పదు. కనుక ఈ టపాలో గాలిలో ప్రయాణించే కంపనాల బలాన్ని, అంటే యంత్రానికి చిక్కేదానిని, తీవ్రత అంటాను. చెవికి ఎంత గట్టిగా తోచిందో దానిని బిగ్గరతనం అంటాను. ఈ రెండూ ఒకటి కావు. ఒకటి కాకపోవడమే ఈ చరిత్ర అంతా.

ఈ భేదం మన పెద్దలకు తెలియనిది కాదు. జైమిని మీమాంసాసూత్రాల మొదటి అధ్యాయంలో శబ్దం నిత్యమా, అనిత్యమా అని పెద్ద చర్చ ఉంది. పూర్వపక్షి వాదాల్లో ఒకటి ఇది: పలువురు కలిసి ఉచ్చరిస్తే శబ్దం పెరుగుతున్నది, పెరిగేది నిత్యం ఎట్లా అవుతుంది? దానికి సిద్ధాంతి సమాధానం: పెరిగినది నాదమే గాని శబ్దం కాదు. 'గోవు' అన్న మాటను ఒకడు పలికినా, నూరుగురు పలికినా ఆ మాట అదే. దానిని మోసుకువచ్చే నాదం మాత్రమే హెచ్చింది. వారికి కావలసినది వేదశబ్దపు నిత్యత్వం గనుక నాదాన్ని అక్కడితో వదిలివేశారు. పాశ్చాత్యులు, చాలా కాలం తరువాత, ఆ వదిలివేసిన నాదాన్ని పట్టుకున్నారు. నూరుగురు పలికితే నాదం నూరు రెట్లు పెరిగినట్లు వినబడుతుందా అని అడిగారు.

ఆ ప్రశ్నకు మూలం జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంది. అక్కడి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వేబర్ 1834లో ప్రచురించిన గ్రంథంలో బరువులతో చేసిన ప్రయోగాలను వివరించాడు. చేతిలో చిన్న బరువుంటే కొద్దిపాటి చేర్పు కూడ తెలుస్తుంది. పెద్ద బరువుంటే అదే చేర్పు తెలియదు. అంటే మనిషి ఇంద్రియం గమనించేది ఎంత చేరిందని కాదు, ఉన్నదానిలో ఎన్నో వంతు చేరిందని. ఇది మనకు అనుభవమే. నిశిరాత్రి గడియారం టిక్కుటిక్కు వినబడుతుంది. సంతలో అదే గడియారం చెవిదగ్గర పెట్టుకున్నా వినబడదు. అదే ఊళ్లో గుస్టావ్ ఫెక్నర్ అనే ఆచార్యుడు 1850 అక్టోబరు 22 ఉదయం పక్కమీద ఉండగా ఈ సంగతికి గణితరూపం తట్టిందని చెప్పుకున్నాడు. ఇంద్రియానుభవం బాహ్యకారణపు సంవర్గమానాన్ని అనుసరిస్తుందని అతని సూత్రం. కారణం పది రెట్లు, నూరు రెట్లు, వెయ్యి రెట్లు పెరుగుతూపోతే అనుభవం ఒకటి, రెండు, మూడు మెట్లు మాత్రమే ఎక్కుతుందన్నమాట. 1860లో అతడు వెలువరించిన గ్రంథంతో మనసును కొలిచే శాస్త్రం ఒకటి పుట్టింది.

తరువాతి అధ్యాయం టెలిఫోను కంపెనీది. అమెరికాలో బెల్ సంస్థవారికి తీగ వెంబడి మాట ఎంత నీరసించిపోతుందో కొలవవలసిన అవసరం కలిగింది. మొదట్లో ఒక ప్రామాణికమైన తీగను ఎంచుకొని, అందులో ఒక మైలు ప్రయాణంలో మాట ఎంత తగ్గుతుందో దానినే కొలతగా వాడారు. 1920లలో దానికి బదులు సంవర్గమానం మీద ఆధారపడిన కొలతను స్వీకరించి, ఆ దశకం చివరికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు కలిపి డెసిబెల్ అన్నారు. శక్తి పది రెట్లయితే 10 డెసిబెల్లు, నూరు రెట్లయితే 20. ఒక డెసిబెల్ తేడా ఇంచుమించు మనిషి చెవి పసిగట్టగల కనీసపు తేడా కావడం ఆ కొలతకు కలిసివచ్చిన అదృష్టం.

కాని డెసిబెల్ కొలిచేది తీవ్రతను. చెవి మాటేమిటి? 1926లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో హైన్రిష్ బార్క్‌హౌజెన్ ఒక సులువైన ఉపాయం చేశాడు. ఒక చెవికి టెలిఫోను రిసీవరు పెట్టుకొని దానిలో ఒక స్థిరమైన ధ్వని వినాలి. రెండవ చెవితో వీధిలోని చప్పుడు వినాలి. రెండూ సమానంగా తోచేదాకా రిసీవరు ధ్వనిని హెచ్చించడమో తగ్గించడమో చేయాలి. అప్పుడు ఆ ధ్వని ఎంత ఉన్నదో వీధిచప్పుడు అంత. ఈ కొలతకు అతడు ఫోన్ అని పేరుపెట్టాడు. ఇక్కడ త్రాసు యంత్రానిదే గాని ముల్లు మనిషి చెవే అన్నది గమనించదగ్గది.

1933లో బెల్ ప్రయోగశాలలో హార్వీ ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఆ పనిని పూర్తిస్థాయిలో చేశారు. ఈ ఫ్లెచర్ షికాగోలో విద్యార్థిగా ఉన్నప్పుడు మిల్లికన్ గారి సుప్రసిద్ధమైన నూనెబొట్ల ప్రయోగంలో చేయివేసినవాడు. ఎలక్ట్రాను ఆవేశాన్ని కొలిచిన చేయి తరువాత చెవిని కొలిచింది. వారి పద్ధతి ఇది: శ్రోతకు సెకనుకు 1000 కంపనాలు గల ధ్వనిని, వేరొక పౌనఃపున్యం గల ధ్వనిని ఒకదాని తరువాత ఒకటి వినిపించి ఏది బిగ్గరగా ఉన్నదని అడగడం. రెండూ సమానమయ్యే చోటును గుర్తించడం. అట్లా అన్ని పౌనఃపున్యాలకూ, అన్ని తీవ్రతలకూ గీసిన వంపుగీతలే సమ బిగ్గరతన రేఖలు.

ఆ రేఖలు చెప్పినది అబ్బురం గొలుపుతుంది. 1000 కంపనాల ధ్వని 40 డెసిబెల్ల వద్ద ఎంత బిగ్గరగా తోస్తుందో, 100 కంపనాల లోతుధ్వని అంత బిగ్గరగా తోచాలంటే 60 డెసిబెల్లు దాటాలి. అంటే శక్తిలో నూరు రెట్లకు పైగా కావాలి. మెల్లని ధ్వనులలో మన చెవి లోతుస్వరాలకు ఇంచుమించు చెవిటిది. మూడునాలుగు వేల కంపనాల దగ్గర మాత్రం అతి చురుకైనది. ధ్వని పెరిగేకొద్దీ ఈ పక్షపాతం తగ్గుతుంది. కచేరీని రేడియోలో బాగా తగ్గించి వింటే గాత్రం వినబడుతుంది గాని మృదంగం ఎడమవైపు తొప్పి మాయమవుతుంది. పెంచితే మళ్లీ వస్తుంది. ఇది రేడియో లోపమని నేను చాలాకాలం అనుకున్నాను. లోపం నా చెవిది, ఆ మాటకొస్తే మానవజాతి చెవిది. పాత స్టీరియోలమీద "లౌడ్‌నెస్" అని ఒక మీట ఉండేది గుర్తుందా? తగ్గించి వినేటప్పుడు పోయే లోతును తిరిగి చేర్చేందుకే అది.

1936లో అమెరికాలో శబ్దమాపకాలకు ప్రమాణం ఏర్పడినప్పుడు ఈ రేఖలనే తిరగవేసి వడపోతలుగా వాడారు. 40 ఫోన్ల రేఖ నుంచి 'ఏ' వడపోత, 70 ఫోన్ల రేఖ నుంచి 'బీ' వడపోత వచ్చాయి. మెల్లని ధ్వనులకోసం చేసిన 'ఏ' కాలక్రమాన అన్ని చప్పుళ్లకూ వాడుకైపోయింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలలో నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లని హద్దు పెట్టినది ఈ 'ఏ' వడపోతతో కొలిచిన సగటుకే. 'బీ' వడపోత దాదాపు మరుగునపడింది. దానిని మరచిపోకండి, కథలో మళ్లీ వస్తుంది.

ఇంతవరకూ తేలినది ఏ రెండు ధ్వనులు సమానమో మాత్రమే. ఒకటి మరొకదానికి ఎన్ని రెట్లు అన్నది తేలలేదు. హార్వర్డులో స్టాన్లీ స్మిత్ స్టీవెన్స్ 1936లో 'సోన్' అనే కొలతను ప్రతిపాదించి, తరువాత శ్రోతలనే సూటిగా అడిగాడు: ఈ ధ్వనిని పది అనుకుంటే ఆ ధ్వనికి ఎంత అంకె ఇస్తావు? 1957లో అతడు తేల్చినది, అనుభవం సంవర్గమానాన్ని కాక ఒక ఘాతాన్ని అనుసరిస్తుందని. స్థూలంగా చెప్పాలంటే తీవ్రత 10 డెసిబెల్లు పెరిగితే బిగ్గరతనం రెట్టింపవుతుంది. 1961లో ఫెక్నర్‌ను గౌరవిస్తూనే అతని సూత్రాన్ని రద్దు చేద్దామన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. గురువుకు నమస్కరించి సిద్ధాంతాన్ని ఖండించడం మన శాస్త్రచర్చల్లోనూ ఉన్న మర్యాదే.

మీమాంసకుల ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికింది. ఒక గొంతుకు బదులు పది గొంతులు కలిస్తే 10 డెసిబెల్లు పెరుగుతాయి; చెవికి రెట్టింపుగా తోస్తుంది. నూరు గొంతులైతే నాలుగు రెట్లు. తరగతిలో నలభైమంది పిల్లలు ఒక్కసారి పద్యం అందుకున్నప్పుడు అది నలభై రెట్ల హోరు కాకపోవడం ఉపాధ్యాయజాతి పుణ్యం.

తరువాత జర్మనీలో ఎబర్‌హార్ట్ త్స్వికర్ చెవి లోపలి నిర్మాణాన్ని లెక్కలోకి తెచ్చాడు. లోపలి చెవిలోని పొర వినగల ధ్వనులను ఇరవైనాలుగు పట్టీలుగా విడదీసుకుంటుందని, ఒకే పట్టీలో ఇరుక్కున్న శక్తికంటె పలు పట్టీలలో పరచుకున్న శక్తి బిగ్గరగా తోస్తుందని చూపాడు. ఒక్క పిల్లనగ్రోవి స్వరంకంటె, అంతే శక్తి గల జలపాతపు హోరు గట్టిగా వినిపించేది అందుకే. ఒక ధ్వని పక్కనున్న మరొక ధ్వనిని కప్పివేయడం కూడ ఈ లెక్కలోకి వచ్చింది. 1975లో స్టీవెన్స్, త్స్వికర్‌ల పద్ధతులు రెండూ అంతర్జాతీయ ప్రమాణంలో చోటుచేసుకున్నాయి.

ఇక తానే ధ్వనిని సవరించుకొనే యంత్రం సంగతి. 1925లో హెరాల్డ్ వీలర్ అనే ఇరవైరెండేళ్ల యువకుడు రేడియో గ్రాహకాలకు స్వయంచాలక ధ్వని నియంత్రణను కనిపెట్టాడు. 1929లో ఫిల్కో కంపెనీ రేడియోలో అది అందరికీ అందింది. దూరపు స్టేషను నుంచి దగ్గరి స్టేషనుకు మారినప్పుడు గుండె ఝల్లుమనకుండా అది కాపాడింది. కాని అది సరిచూసేది వచ్చే తరంగపు బలాన్నే. అందులో గుసగుస ఉన్నదా, డోలు ఉన్నదా అన్నది దానికి పట్టదు. ఆ రెండవ పని స్టూడియోలో ఒక మనిషి చేసేవాడు. ఎదుట మీటరు, చేతిలో మీట. 1939లో బెల్ సంస్థ, ఎన్బీసీ, సీబీఎస్ కలిసి ఖరారు చేసుకున్న వీయూ మీటరు ముల్లు కావాలనే కొంచెం మందకొడిగా, ఇంచుమించు మూడు వందల మిల్లీసెకన్లలో లేచేటట్లు చేయబడింది. క్షణికమైన శిఖరాలను వదలి, చెవిలాగా కాస్త సగటు చూడాలని. బ్రిటిషు బీబీసీవారి మీటరు దీనికి విరుద్ధంగా శిఖరాలనే పట్టేది. రెండూ పనికొచ్చేవే, రెండూ బిగ్గరతనాన్ని పూర్తిగా చెప్పనివే. మిగిలినది ఆ మనిషి చెవి చెప్పేది.

ప్రకటనలవారు ప్రవేశించినది ఈ సందులోనే. స్టేషను నియమం శిఖరానికి హద్దు పెడుతుంది. సినిమాలో శిఖరాన్ని తాకేది ఎప్పుడో ఒక తుపాకీ దెబ్బ. మిగిలిన మాటలన్నీ లోయలో ఉంటాయి. ప్రకటనలో లోయలన్నిటినీ పూడ్చి, ప్రతి అక్షరాన్నీ శిఖరం దాకా లేపి కూర్చోబెడతారు. కంప్రెసర్ అనే పరికరం చేసే పని అది. హద్దు ఎవరూ దాటలేదు. చెవి మాత్రం అదరిపోయింది. అమెరికాలో ఫిర్యాదులు పెరిగి, 1965లో సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ బిగ్గర ప్రకటనలమీద ఒక విధాన ప్రకటన చేసింది. అదే దశకంలో సీబీఎస్ ప్రయోగశాలలో బెంజమిన్ బావర్, ఎమిల్ టోరిక్ అనేవారు శ్రోతలతో కొత్తగా ప్రయోగాలు చేసి, ధ్వనిని పట్టీలుగా విడదీసి చెవి తీర్పును సూచించే మీటరు ఒకటి నిర్మించారు. అదే సంస్థ ఆడిమాక్స్ అనే స్వయంచాలక నియంత్రకాన్ని తయారుచేసింది. మాటల మధ్య మౌనం వచ్చినప్పుడు తొందరపడి ధ్వని పెంచకుండా ఉన్నచోటే ఆగడం దాని తెలివి. లేకపోతే వక్త ఊపిరి తీసుకున్నప్పుడల్లా గదిలోని పంకా మోత పైకి లేస్తుంది. అయినా 1984లో ఎఫ్‌సీసీ తన విచారణను ఏ నిబంధనా చేయకుండానే ముగించింది. అందరూ ఒప్పుకొనే కొలబద్ద లేనిచోట చట్టం ఏమి చేస్తుంది?

మన దేశంలో ఈ ఇబ్బందికి మంచి ఉదాహరణ ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళిలో ప్రకటనల దృశ్యం గాని ధ్వని గాని మితిమీరి "లౌడ్"గా ఉండరాదని రాశారు. దృశ్యానికి కూడ ఆ విశేషణం వాడారు చూడండి. ఇంగ్లీషులో ఆ మాటకు కంటికి కొట్టొచ్చే ఆడంబరమనే అర్థమూ ఉంది. నియమం సదుద్దేశంతో చేసినదే. కాని మితి ఎంతో ఆ వాక్యం చెప్పదు. మితి చెప్పని చోట మితిమీరడం ఎట్లా తేలుతుంది?

డిజిటల్ కాలం వచ్చాక వ్యాధి పాటలకూ అంటుకుంది. సీడీలో అంకెకు ఒక ఆఖరి హద్దు ఉంటుంది. పక్కవాడి పాటకంటె మన పాట గట్టిగా వినబడాలన్న పోటీలో 1990ల నుంచి పాటలన్నిటినీ ఆ హద్దుకు అదిమిపెట్టారు. 2008లో మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బం వచ్చినప్పుడు, అవే పాటలు ఒక వీడియో గేములో ఇంతగా అదమకుండా వినిపిస్తున్నాయని అభిమానులే పోల్చిచూసి గోలపెట్టారు. లోయలు లేనిచోట శిఖరాలూ ఉండవు కదా.

దీనికి మందు వేసినవారిలో మొదట చెప్పుకోదగినవాడు డేవిడ్ రాబిన్సన్. 2001లో రీప్లేగెయిన్ అనే ప్రతిపాదన చేశాడు. పాటను చెవి రేఖలను పోలిన వడపోతలో పోయాలి. 50 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్క శక్తిని కట్టాలి. ముక్కలన్నిటినీ మెల్లని దానినుంచి గట్టి దానిదాకా వరుసగా పేర్చి, పైనుంచి ఐదు శాతం దిగువనున్న ముక్కను ఆ పాట బిగ్గరతనంగా తీసుకోవాలి. మనిషి ఒక పాటను "గట్టిది" అనేది దాని గట్టి భాగాలను బట్టే అని అందులోని ఊహ. పాటను చెరపకుండా, ఎంత తగ్గించాలో ఆ అంకెను మాత్రం పక్కన రాసిపెడతారు. ఇందులో నాకు నచ్చినది ఇంకొకటి: ఆల్బం మొత్తానికి ఒకే అంకె వాడే వీలు. కచేరీలో ఆలాపన మెల్లగానే ఉండాలి, తనియావర్తనం గట్టిగానే ఉండాలి. అన్నిటినీ ఒకే ఎత్తుకు లాగితే అది సమానత్వం కాదు, అరసికత్వం.

ఆ తరువాత కెనడా రాజధాని ఆటవాలోని ప్రభుత్వ సమాచార పరిశోధన కేంద్రంలో గిల్బర్ట్ సులోద్రే బృందం అసలు పరీక్ష పెట్టింది. శ్రోతలకు మాటలు, పాటలు, నాటకాలు, ఆటల ప్రసారాలు వినిపించి, ఒక ప్రమాణధ్వనికి సమానమయ్యేదాకా వారిచేతనే సవరింపజేశారు. ఆ తీర్పులతో పలువురు సమర్పించిన లెక్కల పద్ధతులను సరిపోల్చారు. లోపలి చెవిని అణువణువూ అనుకరించే క్లిష్టమైన పద్ధతులు గెలుస్తాయని ఎవరైనా అనుకుంటారు. గెలిచినది అతి సులువైనది: ఒక వడపోత, ఆపైన శక్తి సగటు. ఆ వడపోత ఏదనుకున్నారు? మరుగునపడిన 'బీ' రేఖనే, లోతుస్వరాల వైపు సవరించినది. టీవీ ధ్వని ఇంట్లో వినే స్థాయిలో చెవి ప్రవర్తనకు అది దగ్గరగా వచ్చింది. డెబ్బై ఏళ్ల నాటి ముసలిగీత పడుచుగీతలను ఓడించిందంటే నాబోటివాడికి కొంత తృప్తి.

దీని ఆధారంగా 2006లో అంతర్జాతీయ టెలికాం సమితి బీఎస్.1770 అనే సిఫారసు చేసింది. దాని నడక ఇది. మొదట తల వలన కలిగే ప్రభావానికిగాను పై పౌనఃపున్యాలను నాలుగు డెసిబెల్ల మేర పెంచుతారు. తరువాత లోతును తగ్గిస్తారు. ఒక్కొక్క ఛానెలులో విలువల వర్గాల సగటు తీసి, వెనుకనుంచి వచ్చే ఛానెళ్లకు 1.41 రెట్లు విలువనిచ్చి, అన్నీ కూడి సంవర్గమానం కడతారు. ఒక్క లోపం మిగిలింది. సినిమాలో మౌనం ఎక్కువుంటే సగటు పడిపోతుంది. యంత్రం దానిని మెల్లని సినిమా అనుకొని పెంచివేస్తుంది. ఐరోపా ప్రసార సంఘం తరఫున ఆస్ట్రియా ప్రసారసంస్థకు చెందిన ఫ్లోరియన్ కామెరర్ నేతృత్వంలో పనిచేసిన బృందం దీనికి తలుపు పెట్టింది. ధ్వనిని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా చూసి, మరీ మెల్లని ముక్కలను లెక్కలోంచి తీసివేయడమే ఆ తలుపు. 2011 సవరణలో దాని కొలత స్థిరపడింది: ముందు నిశ్శబ్దప్రాయమైనవాటిని వదలి, మిగిలినవాటి సగటుకు పది డెసిబెల్లకంటె దిగువనున్నవాటినీ వదలాలి. మౌనాన్ని మౌనంగా వదలివేయడం యంత్రానికి నేర్పారన్నమాట. ఆడిమాక్స్ ఆగిన చోటు గుర్తుకు వస్తుంది.

కొలబద్ద దొరికాక చట్టం వెంటనే వచ్చింది. ఐరోపావారు 2010లో అంకెకు ఆఖరి హద్దు కింద 23 మెట్లను లక్ష్యంగా పెట్టుకున్నారు; అమెరికావారిది 24. ఒక కార్యక్రమం మైనస్ 18 అని తేలితే ఐదు డెసిబెల్లు తగ్గించడమే, రిమోటు అక్కరలేదు. అమెరికాలో 2010 డిసెంబరులో సంతకమైన చట్టం 2012 డిసెంబరు 13 నుంచి ప్రకటనలను కార్యక్రమాల సరసన నిలబెట్టింది. ఆ చట్టం పేరులోని పొడి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో ప్రశాంతత అని అర్థమిచ్చే మాట వస్తుంది. మంచి శ్లేష. ఇంటర్నెట్టు పాటల సంస్థలు కూడ ఇటువంటి లెక్కతోనే పాటలను సర్దుతున్నాయి. పాటను ఎంత అదిమినా యంత్రం అంతే తగ్గిస్తుంది గనుక పోటీకి లాభం తగ్గింది.

ఇక్కడితో ముగిస్తే కథ సుఖాంతం. కాని నాకొక ముల్లు మిగిలింది.

ఈ రేఖలన్నీ, ఈ తీర్పులన్నీ మంచి వినికిడి గల శ్రోతల సగటు. సమ బిగ్గరతన రేఖల అంతర్జాతీయ ప్రమాణాన్ని 2003లోను, 2023లోను సవరించినా అది పడుచు చెవుల సగటే. సగటుకు అవతల ఉన్నవాడి మాటేమిటి? నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడుండేవాడు. ఉక్తలేఖనంలో శ, ష, స ఉన్నచోటల్లా తప్పులే. ఒకచోట అక్షరం ఎగిరిపోయేది, ఒకచోట మరొకటి వచ్చి కూర్చునేది. అశ్రద్ధ అనుకొని గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. ఎర్రసిరాతో మార్కులు కొట్టివేశాను. నా గొంతు వెనుక బెంచీకే కాదు, పక్క తరగతికీ వినబడేది. అతనికి వాడి ధ్వనులు వినబడవని ఏడాది చివర తెలిసింది. ఊష్మాలన్నీ ఆ పై పౌనఃపున్యాలలో ఉంటాయి. గొంతు పెంచితే పెరిగేవి అచ్చులు. సకారం పెద్దగా పెరగదు. నేను అతనికి వినబడేదానినే పెంచుతూ, వినబడనిదానికి శిక్షించాను. ఆ ఏడాదంతా నా దగ్గర ఉన్న కొలబద్ద నా చెవి ఒక్కటే.

ఇప్పుడు వయసు వచ్చి నా చెవికీ మొదట తప్పుకుంటున్నవి ఆ ధ్వనులే. మొన్న మనుమరాలు "తాతయ్యా, సీసా" అంటే నాకు "ఈగ" అన్నట్టు వినిపించి నవ్వులపాలయ్యాను. సినిమాలో ఆ తల్లి మాట అందక ధ్వని పెంచిన రాత్రి, తక్కువైనది సినిమా కాదేమో, నేనేనేమో. ప్రకటనను తగ్గించే యంత్రం కావలసిందే. కాని అది నాకు ఆ తల్లి మాటను తిరిగి ఇవ్వదు. దానికి వేరే పరికరం ఉంది, చెవి వెనుక పెట్టుకొనేది. ఎవరి చెవిలో ఏ పట్టీ తగ్గిందో చూసి ఆ పట్టీనే పెంచుతుంది. వచ్చేవారం చెవి డాక్టరుగారి దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నాను. మా ఆవిడ మూడేళ్లుగా చెబుతున్నది. బహుశా ఆ మాటా నాకు సరిగా వినబడలేదు.

శాస్త్రం తెలిసిన మిత్రులకు ఇందులో పొరపాట్లు కనిపిస్తే దయచేసి సరిదిద్దగలరు. బిగ్గరతనం అన్న మాటకంటె మంచి తెలుగుమాట ఎవరికైనా తట్టితే అదీ చెప్పండి. కొంచెం గట్టిగా చెప్పండి.